వాలుగ దవడతో దువ్విన పత్తి: పొందూరు సన్నఖాదీ పంచెపై సమీక్ష

పొందూరు ఖాదీ పేరు విననివారు మన శ్రీకాకుళం జిల్లాలో ఉండరు. అయితే ఆ బట్ట గురించి మనం చెప్పుకొనే మాటలు సాధారణంగా గాంధీగారి దగ్గర మొదలై అక్కినేని నాగేశ్వరరావుగారి పంచెకట్టు దగ్గర ఆగిపోతాయి. బట్ట చేతికి ఎలా తగులుతుంది, ఎండలో ఎలా ఉంటుంది, ఉతికితే ఏమవుతుంది, పెట్టిన డబ్బుకు తగిన వస్తువేనా అన్న ప్రశ్నలకు నిలకడగా జవాబు చెప్పేవారు తక్కువ. కొండపత్తి నుంచి చేత్తో వడికిన నూరో నంబరు నూలుతో నేసిన పంచెను పొందూరులో కొని, దానిని వేసవి ఉక్కలోనూ వానల్లోనూ, పెళ్లిళ్లకూ ఇంట్లో పూజలకూ కట్టి, ప్రతిసారీ నేనే ఉతికి ఆరేసి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో చరిత్ర కొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఎందుకంటే ఈ పంచె విలువ అంగట్లో దాని పక్కన మడతపెట్టి ఉన్న మిల్లు పంచెతో పోల్చినప్పుడు సగమే తెలుస్తుంది; మొఘల్ చక్రవర్తులు ఒంటిమీద వేసుకున్న మల్మల్, అంటే అతి సన్నని మస్లిన్ బట్ట, ఎలా తయారయ్యేదో తెలుసుకొని దానితో పోల్చినప్పుడు మిగిలిన సగం తెలుస్తుంది.

శ్రీకాకుళం నుంచి వెళ్లేవారు జాతీయ రహదారి మీద చిలకపాలెం కూడలి దాకా వచ్చి అక్కడి నుంచి లోపలికి తిరిగితే పొందూరు వస్తుంది; రైల్లో వచ్చేవారికి ఊరి పేరుతోనే స్టేషను ఉంది. నేను కొన్న దుకాణం పెద్దదేమీ కాదు. కింద చాప, గోడ పొడవునా చెక్క అలమరలు, వాటిలో కాగితం చుట్టిన పంచెలు, చీరలు, తాన్లు ఉంటాయి. అమ్మే ఆయన తొందరపెట్టరు. అడిగిన రకాన్ని విప్పి, పడుగు (నిలువు పోగుల) పొడవునా పరచి, వెలుతురుకు ఎత్తి చూపించి, నచ్చకపోతే విసుక్కోకుండా మళ్లీ మడత పెడతారు. ఆ ఓపిక బట్ట కొనేవాడికి చాలా అవసరం, ఎందుకంటే సన్నఖాదీలో ఏ రెండు పంచెలూ అచ్చంగా ఒకలా ఉండవు. ఒకదానిలో నేత బిగువుగా ఉంటే మరొకదానిలో కొంచెం వదులుగా ఉంటుంది, ఒకదానిలో నూలు పాలలా తెల్లగా ఉంటే మరొకదానిలో లేత వెన్న రంగు తొంగిచూస్తుంది.

దుకాణంలో బట్ట చూడకముందే నూలు వడికే ఇంటికి వెళ్లి చూడమని నా సలహా. పొందూరులో ఈ పని ఎక్కువగా పట్టుసాలీ కుటుంబాల స్త్రీల చేతుల్లో ఉంది. నేను వెళ్లిన ఇంట్లో వయసు మళ్లిన ఒక అమ్మ వసారాలో కాళ్లు చాపుకొని కూర్చుని, గింజతో ఉన్న పత్తిని చిన్న చిన్న రేకలుగా తీసుకొని వాలుగ చేప దవడతో దువ్వుతున్నారు. ఆ దవడ ఎముక అరచేతిలో ఇమిడేటంత ఉంది. దాని మీద సన్నని పళ్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి వంగి, ఏ కంసాలీ చేయలేనంత దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆవిడ ఎడమ చేతి వేళ్ల మధ్య గింజను పట్టుకొని, కుడి చేత్తో దవడను పైనుంచి కిందికి నెమ్మదిగా లాగుతుంటే, పత్తిలో చిక్కుకున్న ఆకుపొడీ నలిగిన పీచూ ఆ పళ్లకు అంటుకొని విడిపోతున్నాయి, గింజ చుట్టూ ఉన్న పోచలు మాత్రం తలవెంట్రుకల్లా ఒకే వైపుకు సర్దుకుంటున్నాయి. "పళ్లు అరిగిపోతే ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "ఇంకో దవడ తెచ్చుకుంటాం బాబూ. ఇనప దువ్వెనైతే పీచు తెగిపోద్ది, ఇదైతే తెగదు" అన్నారు. ఆ తరువాత చిన్న చెక్క మీద పత్తిని ఉంచి ఇనుప కడ్డీని దొర్లించి గింజను బయటికి నెట్టడం, దూదిని చిన్న వింటితో ఏకడం, ఏకులు చుట్టడం వరసగా జరుగుతాయి. ఏకులకు దుమ్ము తగలకుండా, వాటి మెత్తదనం పోకుండా ఎండిన అరటి బెరడులో చుట్టి ఉంచుతారు. ఆ బెరడులో నుంచే ఏకు కొసను బయటికి లాగి 24 ఆకుల ఒంటి కదురు రాట్నం మీద నూలు తీస్తారు.

ఈ వరసను మనసులో పెట్టుకొని ఇప్పుడు ఢాకా వైపు చూడాలి. 1610 ప్రాంతంలో మొఘల్ సుబేదారు (రాష్ట్ర పాలకుడు) ఇస్లాం ఖాన్ బెంగాల్ రాజధానిని ఢాకాకు మార్చి, జహంగీరు చక్రవర్తి పేరు మీద దానికి జహంగీర్‌నగర్ అని పేరు పెట్టాడు. ఆ నగరం చుట్టుపక్కల ఊళ్లలో తయారైన మస్లిన్ దిల్లీ, ఆగ్రా, లాహోరు దర్బారులకు వెళ్లేది. ఆ మస్లిన్ తయారీని దగ్గర నుంచి చూసి వివరంగా రాసినవాడు ఢాకాలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన జేమ్స్ టేలర్. ఆయన 1851లో ప్రచురించిన వివరాల ప్రకారం ఢాకా స్త్రీలు పత్తిని బోయాల్ అనే చేప దవడతో దువ్వేవారు, చెక్క మీద ఇనుప కడ్డీని దొర్లించి గింజ తీసేవారు, చిన్న వింటితో దూదిని ఏకేవారు, చుట్టిన ఏకును దుమ్ము పడకుండా కూచియా అనే పాములాంటి చేప నున్నని చర్మంలో దాచి, అందులో నుంచి కొంచెం కొంచెంగా లాగి వడికేవారు. బెంగాల్‌లో బోయాల్ అనే ఆ చేప, మన వాలుగ ఒకే జాతివి. చేప చర్మానికి బదులు అరటి బెరడు అన్న ఒక్క తేడా తప్ప, పొందూరు వసారాలో నేను చూసిన వరస, చక్రవర్తి ఒంటిమీది బట్టకు నూలు తయారుచేసిన వరస ఒక్కటే. ఈ సంగతి పొందూరు బట్ట అమ్మేవారు ప్రతి కొనుగోలుదారుకూ చెప్పవలసినది, కానీ ఏ దుకాణంలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

మొఘల్ దర్బారులో ఆ బట్టకు ఉన్న స్థానం ఊహించడం మనకు కొంచెం కష్టం, ఎందుకంటే రాజదుస్తులనగానే మన కళ్ల ముందు జరీ, పట్టు, ముఖమల్ మెదులుతాయి. అవి చలికాలానికీ, ఉత్సవాలకూ ఉండేవి; రోజువారీ వేసవి వేషం మాత్రం తెల్లని సన్ననూలు జామా, అంటే పొడుగు అంగరఖా. ఆ కాలపు చిత్రకారులు అక్బరు, జహంగీరు దర్బారుల బొమ్మల్లో జామా అడుగున ఉన్న పైజామా రంగు పైకి కనిపించేటంత పలచగా ఆ బట్టను చిత్రించారు. అంత పలచని గుడ్డను కుంచెతో చూపించడం చిత్రకారుడి నేర్పుకు పరీక్షగా కూడా ఉండేది. అబుల్ ఫజల్ అక్బరు పాలనా వ్యవస్థ గురించి రాసిన ఐనీ అక్బరీలో ఢాకా దగ్గరి సోనార్‌గావ్ సర్కారులో (జిల్లాలో) చాలా సన్నని మస్లిన్ విస్తారంగా తయారవుతుందని చెప్పాడు. అదే గ్రంథంలో చక్రవర్తి వస్త్రాగారం నిర్వహణ గురించి కూడా ఉంది. లోపలికి వచ్చిన ప్రతి బట్టనూ వచ్చిన రోజును బట్టి, ఖరీదును బట్టి వరసలో పెట్టేవారు. ఆ విషయాల్లో రెండు బట్టలు సమానమైతే ఏది తేలికగా ఉంటే దానికి పై స్థానం ఇచ్చేవారు. బరువు కూడా సమానమైతేనే రంగును చూసేవారు. ఒక సామ్రాజ్యపు వస్త్రాగారంలో రంగు కన్నా తేలికదనం పెద్దదన్న ఆ నియమం నాకు ఎంతో నచ్చింది. పంచె కొనేటప్పుడు అంచు రంగు చూసి మురిసిపోయే మనం కూడా ముందుగా బట్టను చేతిలో తూచి చూడడం నేర్చుకోవచ్చు.

భారతదేశానికి ఎన్నోసార్లు వచ్చిన ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే 17వ శతాబ్దంలో ఒక సంగతి రాశాడు. పర్షియా రాయబారి ఒకడు ఇక్కడి నుంచి తిరిగి వెళ్లి తన షాకు రత్నాలు పొదిగిన ఒక కొబ్బరికాయను సమర్పించాడు. నిప్పుకోడి గుడ్డంత ఉన్న ఆ కాయను తెరిస్తే లోపల నుంచి 60 మూరల తలపాగా బయటికి వచ్చింది, చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియనంత సన్నగా ఉంది.

ఇంత గౌరవం పొందిన బట్టను తయారుచేసిన చేతుల సంగతి వేరు. ఢాకాలో చక్రవర్తికీ, తరువాత బెంగాల్ నవాబులకూ పంపవలసిన మల్మల్ ఖాస్, అంటే రాజుకే ప్రత్యేకించిన మల్మల్, నేయించడానికి ప్రత్యేకంగా కోఠీలు (నేతశాలలు) ఉండేవి, వాటి మీద దరోగాలు (పర్యవేక్షకులు) ఉండేవారు, మంచి నేతగాళ్ల పేర్లు అక్కడి చిట్టాల్లో ఎక్కించేవారు. పని చాలా బాగా వచ్చి ఉండడం ఢాకా నేతగాడికి దురదృష్టమేనని 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత రేనాల్ రాశాడు, ఎందుకంటే అలాంటివాడిని సర్కారు పనికే కట్టిపడేసి, తక్కువ కూలి ఇచ్చి, దాదాపు బందీలా ఉంచేవారు. వడికిన స్త్రీల పేర్లు ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. వాళ్లు తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా, మళ్లీ సాయంత్రం పొద్దుగుంకే ముందు మాత్రమే వడికేవారని, గాలి పొడిగా ఉంటే పక్కన వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టుకొని ఆ తేమలో నూలు తీసేవారని టేలర్ రాశాడు. చూపు చురుకుగా ఉన్న వయసులోనే ఆ పని సాధ్యమయ్యేది.

మన తీరం ఈ కథకు బయట లేదు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఎర్ర సముద్రం మీదుగా సాగిన వ్యాపారం గురించి ఒక గ్రీకు నావికుడు రాసిన గ్రంథంలో మసాలియా తీరాన, అంటే మన మచిలీపట్నం ప్రాంతాన, మస్లిన్ విరివిగా తయారవుతుందని ఉంది. అదే శతాబ్దంలో రోము పండితుడు ప్లినీ ఇండియా, చైనా, అరేబియా సరుకుల కోసం తమ సామ్రాజ్యం ఏటా 10 కోట్ల సెస్టెర్సులు (రోము నాణేలు) పోగొట్టుకుంటోందని వాపోయాడు. శ్రీకాకుళం గోల్కొండ కుతుబ్‌షాహీల కింద ఫౌజుదారు (సైనిక పాలనాధికారి) ఉండే పట్టణం. ఇక్కడి జామియా మసీదును ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కాక మొఘల్ పాలనా, ఆ తరువాత నిజాం పాలనా వచ్చాయి. 1765లో షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. జెండాలు మారుతున్నా చికాకోల్ (శ్రీకాకుళానికి ఇంగ్లీషువారి పేరు) మస్లిన్ అన్న పేరు మాత్రం 19వ శతాబ్దంలోనూ వర్తకుల నోళ్లలో నలిగింది. విశాఖపట్నం కోఠీ (వర్తక స్థావరం) నుంచి కంపెనీ ఎగుమతి చేసిన బట్టలో ఎక్కువ భాగాన్ని పుంజాల లెక్కన కొనేవారు. పడుగులో 120 పోగులైతే ఒక పుంజం. పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నం, ధర ఎక్కువ. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వ్యాపారం మానుకుంది, మిల్లు నూలు ఊరూరా దిగింది, ఒకటొకటిగా రాట్నాలు అటకెక్కాయి. పొందూరులో ఎక్కలేదు. గాంధీగారు తన కుమారుడు దేవదాస్‌ను ఇక్కడి పని చూసి రమ్మని పంపింది ఆ ఆగని రాట్నాల కోసమే. 1949లో ఇక్కడ సన్నఖాదీ కార్మికుల సంఘం ఏర్పడింది, 1955లో దాని భవనానికి వినోబా భావే శంకుస్థాపన చేశారు.

ఇక పంచె సంగతికి వస్తాను. నూలు నంబరు అంటే ఏమిటో చాలామంది కొనుగోలుదారులకు తెలియదు కాబట్టి ముందు ఆ లెక్క చెబుతాను. ఒక పౌను బరువున్న నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో నంబరు నూలు. నూరో నంబరు అంటే పౌనుకు 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. గ్రాము నూలును సాగదీసి పరిస్తే సుమారు 170 మీటర్ల పొడవు వస్తుంది. ఆ పోగును రాట్నం దగ్గర కూర్చున్న మనిషి రెండు వేళ్ల మధ్య, తెగకుండా, చేతి అంచనాతో లాగుతుందని గుర్తుపెట్టుకోవాలి. ఢాకాలో టేలర్ కాలంలో తూచి చూసిన ఒక చిలప పౌనుకు 250 మైళ్లకు పైగా, అంటే 400 కిలోమీటర్లకు పైగా లెక్క తేలింది. కాబట్టి మన పంచె ఢాకా మేలి మల్మల్ అంత సన్నం కాదు, దానిలో అయిదో వంతు సన్నదనం మాత్రమే దీనిది. ఈ మాట చెప్పడం పొందూరును తక్కువ చేయడం కాదు. ఢాకాలో ఆ మేలి నూలు వడికే పద్ధతీ, దానికి కావలసిన పత్తీ 19వ శతాబ్దంలోనే అంతరించాయి. దాని తోబుట్టువు లాంటి పని మాత్రం మన జిల్లాలో ఈ ఉదయం కూడా జరిగింది.

నా పంచెను వెలుతురుకు ఎత్తి చూస్తే పోగులు ఒకే మందంగా కనిపించవు. కొంత దూరం వెంట్రుకలా సాగిన పోగు ఒకచోట కొంచెం లావై, మళ్లీ సన్నమవుతుంది. పేకలో (అడ్డపోగుల్లో) అలాంటి చోట్లు ఎక్కువ. మిల్లు బట్టకు అలవాటైన కంటికి ఇది లోపంగా తోచవచ్చు. కానీ ఈ హెచ్చుతగ్గుల వల్లే పోగుకూ పోగుకూ మధ్య సన్నని సందులు ఏర్పడి గాలి ఆడుతుంది, చెమట పట్టిన బట్ట ఒంటికి అంటుకోకుండా ఉంటుంది. మన జిల్లాలో మే నెల ఉక్క ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. అలాంటి రోజున పెళ్లిపందిట్లో మిల్లు పంచె కట్టుకున్నవారు మధ్యాహ్నానికి తడిసి ముద్దైతే, నా పంచె తడిసిన చోట ఆ కాసేపట్లోనే ఆరిపోయింది. కుచ్చిళ్లు పోసినప్పుడు నడుం దగ్గర బరువు తెలియదు. సన్నని బట్ట కాబట్టి ఒక్క పొరగా ఉన్నచోట లోపలిది కనిపిస్తుందన్న అనుమానం కొందరికి ఉంటుంది. గోచీ పోసి కట్టుకుంటే ముందు కుచ్చిళ్లూ వెనక మడతలూ కలిసి ఆ అనుమానం తీరిపోతుంది. లుంగీలా చుట్టుకోవడానికి మాత్రం నూరో నంబరు పంచె పనికిరాదు. ఇంట్లో అలా వాడుకోదలచినవారు తక్కువ నంబరు నూలు బట్ట కొనుక్కోవడం మంచిది.

అంచు గురించి ఒక మాట. నేను తీసుకున్నది సన్నని ఎర్ర గీత అంచు. జరీ అంచు పంచెలు చూశాను కానీ జరీ ఇంత తేలిక బట్టను కిందికి లాగుతుంది, అంచు ఒక తీరుగా, మధ్యభాగం ఒక తీరుగా వేలాడుతుంది. నా మట్టుకు సాదా అంచే ఈ బట్టకు తగింది.

ఉతుకుడు విషయంలో ఓపిక ఉండాలి. కొత్త పంచె మీద గంజి ఉంటుంది, కాబట్టి మొదట చల్లని నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా, పిండకుండా జాడించాలి. మొదటి తడుపుకు బట్ట కొంచెం లోపలికి తీసుకుంటుంది, పోగులు ఉబ్బి నేత ఇంకా దగ్గరపడుతుంది. కొత్తప్పటి కన్నా నాలుగు ఉతుకుల తరువాత బట్ట మరింత మెత్తగా, నిండుగా ఉంటుంది. మిల్లు పంచె దీనికి విరుద్ధం, మొదటి రోజు మెరిసి రోజురోజుకూ వాడిపోతుంది. వాషింగ్ మెషీన్, బండకేసి బాదడం, బ్లీచింగ్ పౌడరు ఈ మూడూ ఈ బట్టకు శత్రువులు. పలచని అన్నం గంజి వడకట్టి పెట్టి, నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే మడత నిలుస్తుంది. గంజి చిక్కగా పెడితే మడత దగ్గర పోగు విరుగుతుంది. పంచెలు ఉన్నట్టుండి మడతల వెంట చిరగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. దాచేటప్పుడు అప్పుడప్పుడూ మడత మార్చి దాచాలి. ఇంత జాగ్రత్త తీసుకుంటే మన్నికకు ఢోకా లేదు, నా పంచెలో ఇప్పటిదాకా ఒక్క పోగు కూడా తెగలేదు.

లోపాలు చెప్పకుండా సమీక్ష పూర్తి కాదు. అన్నింటికన్నా పెద్ద లోపం చీటీ. పంచెకు కట్టిన చీటీ మీద ధర, కొలత ఉన్నాయి, నూలు నంబరు చేత్తో గీకినట్టుగా ఉంది, ఏ పత్తి అన్నది లేనే లేదు. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అని ఇక్కడ మూడు రకాలు వాడతారు, వాటి పీచు వేరు, రంగు వేరు, వడికే శ్రమ వేరు. ఆ భేదం కొనేవాడికి కాగితం మీద తెలియాలి. చక్రవర్తి వస్త్రాగారంలో బట్ట బట్టకూ తేదీ, వెల, బరువు రాసిపెట్టిన పద్ధతి నాలుగు వందల ఏళ్ల కిందటే ఉండేదని పైన చెప్పాను. ఇంత గొప్ప బట్టకు ఇప్పుడు ఆ మాత్రం వివరం ఇవ్వడం కష్టం కాదు. వడికిన వారి పేరూ నేసిన వారి పేరూ కూడా చీటీ మీద వేస్తే ఇంకా సంతోషిస్తాను. ఢాకా స్త్రీల పేర్లలా ఈ పేర్లు కూడా పోవడం నాకు ఇష్టం లేదు.

రెండోది కొలతల కొరత. ఎత్తైన మనిషికి సరిపోయే పన్నా (బట్ట వెడల్పు) అడిగితే తయారుగా లేదన్నారు, చెప్పి నేయించుకోవాలన్నారు. మూడోది నకిలీల బెడద. ఇది పొందూరు దుకాణాల తప్పు కాదు కానీ కొనేవారు తెలుసుకోవాలి. మా బంధువు ఒకరు వేరే ఊళ్లో ఒక దుకాణంలో పొందూరు పంచె అని చెప్పి అమ్మినది తెచ్చారు. పోగు తీసి చూస్తే చివరంటా ఒకే మందం, పురి యంత్రం తిప్పినట్టు సమంగా ఉంది. చేతి వడుకులో అలా ఉండే వీలు లేదు. అంచు నుంచి రెండు పోగులు తీసి కాల్చి చూడడం ఇంకో పరీక్ష: కేవలం నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలుతుంది, పాలియెస్టరు కలిస్తే గట్టి పూసలా ముద్ద కడుతుంది. 2013 నిబంధనల ప్రకారం వచ్చిన ఖాదీ మార్కు ఉందో లేదో చూడడం కూడా మరవకూడదు.

ధర మామూలు మిల్లు పంచెకు ఎన్నో రెట్లు ఉంటుంది. మొదటిసారి విన్నవారు ఉలిక్కిపడడం సహజం. నేను దానిని ఎక్కువ అనుకోలేదు. పత్తి ఏరడం, దువ్వడం, గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం, ఆసు పోయడం (పడుగు పోగులు వరసపెట్టడం), గంజి పెట్టడం, గుంట మగ్గం మీద నేయడం, వీటిలో ఏ ఒక్క పనికీ యంత్రం రాలేదు. అంగుళానికి 80 పోగుల చొప్పున 50 అంగుళాల పన్నాకు పడుగు తయారుచేయాలంటే 4,000 పోగులు, కంపెనీవారి లెక్కలో 33 పుంజాలకు పైమాట. నేతగాడు ఒక్కో పోగునూ అచ్చులో (మగ్గం దువ్వెనలో) నుంచి తీసి కట్టాలి. నా బాధ ధర ఎక్కువని కాదు, ఆ ధరలో రాట్నం దగ్గర కూర్చున్న అమ్మకు చేరేది తక్కువని. వడికే ఇళ్లలో వయసు మళ్లినవారే కనిపిస్తున్నారు, వాళ్ల కూతుళ్లూ కోడళ్లూ ఈ పనిలోకి రావడానికి ఇష్టపడడం లేదు. రోజంతా కూర్చున్నా కూలిపనికి వెళ్లినంత రాకపోతే ఎవరైనా ఎందుకు వస్తారు? మొఘల్ సర్కారు చేసిన పనినే మనం కూడా మర్యాదగా చేస్తున్నామేమో అనిపిస్తుంది. బట్టను కీర్తిస్తున్నాం, చేతికి కూలి పెంచడం లేదు. అందుకే రాయితీ రోజుల కోసం కాచుకొని కూర్చోవద్దని, కొనగలిగినవారు చెప్పిన ధరకు కొనమని, వడుకు కూలి పెంచమని దుకాణంలో నోరు తెరిచి అడగమని నా విన్నపం.

ఎవరికి ఏది తగుతుందో చెప్పి ముగిస్తాను. పెళ్లికొడుక్కో, షష్టిపూర్తి చేసుకొనే తండ్రికో పెట్టడానికి నూరో నంబరు కొండపత్తి పంచె, జత కండువాతో సహా, నిస్సంకోచంగా తీసుకోవచ్చు. రోజూ ఆఫీసుకు చొక్కా కావాలంటే ఇంకా తక్కువ నంబరు నూలు తాను చాలు, అది గట్టిగా ఉంటుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఎర్రపత్తి బట్టకు రంగు వేయకుండానే లేత గోధుమ ఛాయ ఉంటుంది, చొక్కాకు చాలా బాగుంటుంది. చీరల్లో జామ్‌దానీ రకం అడిగి చూపించమనండి. మగ్గం మీదే బుటా పోగును చేత్తో అల్లే ఆ పని కూడా ఢాకాలో మొఘల్ కాలంలో వికసించినదే, పొందూరు నూలు మీద అది కనిపిస్తే వదులుకోవద్దు. చెప్పి నేయించుకొనేవారు కొలత, అంచు, నంబరు, పత్తి రకం కాగితం మీద రాసి ఇచ్చి, ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి. అరసవల్లి రథసప్తమికి కొత్త పంచె కట్టుకోదలచినవారు దీపావళి నాటికే పురమాయించడం మేలు, ఎందుకంటే సంక్రాంతి దగ్గరపడ్డాక తయారుగా ఉన్న వాటిలో మంచివి ముందే అమ్ముడుపోతాయి. తానుగా కొన్న బట్టను మాత్రం ముందు ఇంట్లో తడిపి ఆరేసి, ఆ తరువాతే దర్జీకి ఇవ్వండి.